జీతం ఆగినా కార్డు ఆగకుండా
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో గ్రూపు లీడర్ల తరఫున చేసిన ప్రసంగ పాఠం, 2023-24)



ప్రతి ఏడు ఈ సమావేశంలో పొదుపు ఎంత, అప్పు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత అని చదువుకుంటం. అవన్నీ ఈ పుస్తకంలో ముందు పేజీల్లో ఉన్నయి. మాకు ఇచ్చిన పావుగంటలో మేము వేరే లెక్క చెప్తం. జబ్బు చేసి, జీతం లేని సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్న ఆడోళ్ళ లెక్క అది. ఏ రిజిస్టర్లో దానికి కాలమ్ లేదు. కాని ఏ గ్రూపులో కిస్తీలు ఎక్కడ ఆగినయో ఒక్కొక్కటి అడుగుకుంటూ పోతే, సగం చోట్ల అక్కడికే పోయి తేలుతం.

పదేండ్ల కింద మన గ్రూపుల్లో ఎక్కువ మంది కూలి పనికి పోయేటోళ్ళం. ఇప్పుడు అట్ల లేదు. పొద్దున ఆరు గంటలకే రోడ్డు మీద కంపెనీ బస్సులు ఆగుతున్నయి. మందుల కంపెనీల ప్యాకింగ్, బట్టల యూనిట్లు, కోళ్ళ దాణా ఫ్యాక్టరీలు, ఆసుపత్రుల్లో హౌస్ కీపింగ్, మాల్స్‌లో పని. నెలకు పది, పన్నెండు, పదిహేను వేలు. వీళ్ళల్లో చానమందికి ఈఎస్ఐ ఉంటది. పదిమంది, అంతకంటే ఎక్కువ పని చేసే చోట ఉండాలె. జీతం 21,000 లోపల ఉన్నోళ్ళకు ఉండాలె. కాంట్రాక్టర్ కింద చేసినా ఉండాలె. కాంట్రాక్టర్ కట్టకపోతే అసలు కంపెనీ కట్టాలని చట్టంలోనే ఉన్నది.

ఈఎస్ఐ అంటే ఏందని అడిగితే "పే స్లిప్పులో కోసే పైసలు" అంటరు. కరెక్టే. నూరు రూపాయల జీతానికి మన దగ్గర 75 పైసలు కోస్తరు, కంపెనీ 3 రూపాయల 25 పైసలు కడ్తది. పన్నెండు వేల జీతం అయితే మనవి 90 రూపాయలు, వాళ్ళవి 390. మన 90 స్లిప్పులో కనపడ్తయి, వాళ్ళ 390 మనకు కనపడవు. నెలకు 480 రూపాయలు మన పేరు మీద పోతున్నయన్న సంగతి మనకు యాదికుండదు. ఆ పైసలకు మనకు, భర్తకు, పిల్లలకు, మన మీద ఆధారపడ్డ అమ్మానాయినలకు వైద్యం ఉంటది. జ్వరానికి గోలీలు మొదలుకొని ఆపరేషన్ దాకా. ఇంకోటి కూడా ఉన్నది, అది ఎక్కువ మందికి ఎరుక లేదు. జబ్బు చేసి పనికి పోలేని రోజులకు పైసలిస్తరు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తం. జబ్బు ఒక వారం అయితే ఎట్లనో అట్ల గడుస్తది. మూడు నెలలు, ఆరు నెలలు అయితే? కంపెనీ "జీతం లేని సెలవు పెట్టుకో" అంటది. జీతం లేదు కాబట్టి కోత లేదు. కోత లేదు కాబట్టి కార్డు పోయిందని మనమే అనుకుంటం. వైద్యం అక్కెర ఉన్నదే అప్పుడు, కార్డు పక్కన పెట్టేదీ అప్పుడే.

మన మండలంలోనే ఒక గ్రామ సంఘం చెల్లె సంగతి చెప్తం. ఊరు పేరు, మనిషి పేరు చెప్పం, ఆమె ఒప్పుకున్నాకనే చెప్తున్నం. మూడేండ్లు ఒక ఫ్యాక్టరీలో బరువులు ఎత్తి దించే లైన్లో చేసింది. నడుములో డిస్క్ జారింది. 2022 అక్టోబర్‌లో పని మానింది. సూపర్‌వైజర్ ఏమన్నడంటే, "లీవుకు జీతం రాదు, జీతం రాకపోతే ఈఎస్ఐ నడవదు, ఊకె డిస్పెన్సరీ చుట్టు తిరగకు" అన్నడు. ఆమె నమ్మింది. నాలుగు నెలలు నూనెలు రాసుకుంట, పసరు కట్లు కట్టించుకుంట ఉన్నది. 2023 ఫిబ్రవరిలో కాలు తిమ్మిరెక్కి లేవలేకపోతే పట్నం తీసుకపోయి ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించిండ్రు. స్త్రీనిధి అప్పు 50,000. అది సాలక, బయట నూటికి మూడు రూపాయల మిత్తికి ఇంకో 40,000. ఆమె కిస్తీ నాలుగు నెలలు గ్రూపు మొత్తం కలిసి కట్టినం.

ఆ ఎండకాలంలో ఆమె పే స్లిప్పుల కట్ట చూసినం. 2022 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఒక్క నెల కూడా తప్పకుండ ఈఎస్ఐ కోసిండ్రు. ఆ లెక్కన ఆమె కార్డు 2023 జూన్ 30 దాకా నడిచే కార్డు. ఆపరేషన్ అయిన రోజున ఆమె సంచిలో ఉన్న కార్డు బతికే ఉన్నది. వైద్యం ఒక్కటే కాదు. ఆమెకు రోజుకు సగటు జీతం 400 పడ్తది. జబ్బు సెలవుకు ఈఎస్ఐ ఇచ్చేది దాంట్లో 70 శాతం, అంటే రోజుకు 280. ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తరు. 280 ఇంటు 91 చేసి చూడుండ్రి. 25,480 రూపాయలు. ఆమె సంపాదించుకున్న హక్కు పైసలు అటు ఉండంగ, ఇటు మిత్తికి తెచ్చుకున్నది.

సూపర్‌వైజర్ మోసం చెయ్యాలని చెప్పిండని మేము అనం. ఆయనకే తెల్వదు. కాని తెల్వని మనిషి మాట మీద కార్డు పక్కన పెట్టొద్దు.

ఇగ ఈ తారీఖుల లెక్క. జర శ్రద్ధగ వినుండ్రి, రాసుకునేటోళ్ళు రాసుకోండ్రి. మనం వానాకాలంలో పండించిన వడ్లు యాసంగి దాకా తింటం. యాసంగి వడ్లు మళ్ళ వానాకాలంలో తింటం. ఈఎస్ఐ కూడా అట్లనే. ఏడాదిని రెండు ముక్కలు చేసిండ్రు. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా పని చేసి కట్టిన పైసలకు ఫలం వచ్చే ఏడు జనవరి 1 నుంచి జూన్ 30 దాకా. అక్టోబర్ 1 నుంచి మార్చి 31 దాకా కట్టిన దానికి ఫలం జూలై 1 నుంచి డిసెంబర్ 31 దాకా. ఆ ఆరు నెలల ముక్కలో 78 రోజులకు పైసలు కట్టి ఉండాలె. 78 ఎందుకంటే, నెలకు 26 పనిరోజుల లెక్కన ఆరు నెలలకు 156 రోజులు, అందులో సగం. అంటే మూడు నెలలు నాగా లేకుండ చేస్తే సాలు.

కొత్తగ పనిల చేరినోళ్ళకు మొదటి మూడు నెలల లెక్క వేరు, వాళ్ళకు చేరిన రోజు నుంచే వైద్యం ఉంటది. మేము చెప్పేది ఏడాది, రెండేండ్ల సంది చేస్తున్నోళ్ళ సంగతి.

ఇప్పుడు మీరే చెప్పుండ్రి. ఏప్రిల్, మే, జూన్ మొత్తం పని చేసి జూలైలో జబ్బు పడ్డ మనిషి కార్డు ఎప్పటిదాకా? ఏప్రిల్-సెప్టెంబర్ ముక్కలో 78 రోజులు పడ్డయి కాబట్టి వచ్చే ఏడు జూన్ 30 దాకా. దగ్గర దగ్గర ఏడాది. మరి మే నడుమ జబ్బు పడి, ఆ ముక్కలో 45 రోజులే చేసిన మనిషికి? 78 రాలేదు. ఆమెకు పాత పంట, అంటే అక్టోబర్-మార్చి పంట ఒక్కటే ఉన్నది. డిసెంబర్ 31తోని ఆగుతది. ఆమె ఆగస్టులో కోలుకొని సెప్టెంబర్ 30 లోపల ఇంకో 33 రోజులు పని చేయగలిగితే మళ్ళ జూన్ దాకా నడుస్తది. 33 రోజుల కోసం ప్రాణం మీదికి తెచ్చుకొని పనికి పొమ్మని మేము చెప్తలేం. కాని లెక్క తెలిస్తే, సెప్టెంబర్ 20న కాళ్ళు చేతులు బాగానే ఉన్నయి, దసరా పోయినంక పోదాం తియ్ అని కూర్చోం. అది చెప్తున్నం.

ఇంకో ఉపాయం ఉన్నది. ఫ్యాక్టరీల్లో ఏడాదిలో చట్టం చెప్పినన్ని రోజులు పని చేసినోళ్ళకు, ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు లెక్కన జీతంతోని సెలవు రావాలె. దాన్ని ఈఎల్ అంటరు. ఆ ఈఎల్ రోజులకు జీతం వస్తది కాబట్టి ఈఎస్ఐ కూడా కడ్తరు, అవి 78లో పడ్తయి. నాలుగైదు రోజులు తక్కువ పడుతున్నయంటే ముందు ఆ సెలవులు రాయించుకోవాలె. ఒకే రోజుకు జీతం, ఈఎస్ఐ పైసలు రెండూ మాత్రం రావు. మన అవసరం చూసి ఏది ముందు వాడాల్నో ఎంచుకోవాలె.

తారీఖుల లెక్క అయిపోయింది. ఇది మన చేతిలో ఉన్న లెక్క. కంపెనీ ఆఫీసులో ఒక లెక్క ఉంటది, అది మనకు కనపడదు.

ప్రతి నెలా ఆఫీసు వాళ్ళు ఈఎస్ఐ వెబ్‌సైట్‌లో ఒక లిస్టు ఎక్కిస్తరు. ఎవరు ఎన్ని రోజులు చేసిండ్రు, ఎంత జీతం. వచ్చే నెల 15 తారీఖు లోపల ఎక్కించాలె, పైసలు కట్టాలె. సున్నా రోజులున్న మనిషి పేరు పక్కన ఎందుకు సున్నా అని ఒక నంబర్ వెయ్యాలె. 1 వేస్తే సెలవులో ఉన్నది అని అర్థం. 2 వేస్తే నౌకరీ విడిచిపెట్టింది అని అర్థం. అంతే తేడా, ఒక్క నంబర్. కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లగాడికి మనం ఎవరో తెల్వదు. నెల రోజులు కనపడలేదంటే 2 కొట్టి పోతడు. అప్పటిదాకా మనం కట్టిన 78 రోజులు ఎటూ పోవు, ఆ ఫలం ఉంటది. కాని రేపు పెద్ద జబ్బుకు రెండేండ్లు వరుసగ నౌకరీలో ఉన్నవా అని అడిగినప్పుడు ఆ 2 మనకు అడ్డం పడ్తది. మళ్ళ పనిల చేరుదామని పోతే "నువ్వు మానేసినవ్ కద" అంటరు.

అందుకే సెలవు నోటి మాటతోని పెట్టొద్దు. తెల్ల కాగితం మీద రాయాలె. పేరు, ఈఎస్ఐ నంబర్, ఏ తారీఖు నుంచి, ఏం జబ్బు, "నేను వైద్య సెలవులో ఉన్నాను, ఉద్యోగం మానలేదు" అని ఒక లైను. రెండు కాపీలు. ఒకటి వాళ్ళకు, రెండోదాని మీద ముద్ర, సంతకం. ముద్ర వెయ్యమంటే ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాలె, పంపిన తారీఖు ఫోన్లో ఉంటది. పోస్టాఫీసులో రిజిస్టర్డ్ పోస్టు ఇంకా మంచిది, రశీదు దాచిపెట్టుకోవాలె. "మాకు రాయరాదు" అనొద్దు. మా గ్రూపులో పదో తరగతి దాటినోళ్ళం ఒకరిద్దరమే, అయినా పోయినేడు ఆరు కాగితాలు రాసినం. వీఓఏలు రాస్తరు, మీ పిల్లలు రాస్తరు.

ఇంకో కాగితం సంగతి. లీవు ఎక్కువైతే ఆఫీసోళ్ళు పిలిచి ఒక కాగితం ఇస్తరు, "సంతకం పెట్టు, పీఎఫ్ పైసలు తీసుకో, బాగైనంక మళ్ళ చేర్చుకుంటం" అంటరు. మెత్తగనే చెప్తరు. అది రాజీనామా. జబ్బులో ఉన్నప్పుడు పీఎఫ్ పైసలంటే ఎవరికైనా ఆశ కలుగుతది. నౌకరీ మానకుండనే జబ్బు కోసం పీఎఫ్‌లో నుంచి అడ్వాన్సు తీసుకునే వీలున్నది, దానికి రాజీనామా అక్కెర లేదు. ఈఎస్ఐ చట్టం 1948 నాటిది. అందులో 73వ సెక్షన్ ఏమనేదంటే, ఈఎస్ఐ నుంచి జబ్బు పైసలు గాని కాన్పు పైసలు గాని తీసుకుంటున్న రోజుల్లో, వైద్యంలో ఉన్న రోజుల్లో, ఆ మనిషిని పనిలో నుంచి తీసెయ్యొద్దు, శిక్ష వెయ్యొద్దు. వాళ్ళు తీసేస్తే మనం కొట్లాడొచ్చు. మనమే సంతకం పెట్టి పోతే ఎవరితోని కొట్లాడుతం? ఏమీ రాయని కాగితం మీద సంతకం అడిగితే ఇంకా పెట్టొద్దు. ఇంటికి తీసుకపోయి సదివించుకొని వస్తనని చెప్పి లేవాలె.

జబ్బు పైసలు ఎట్ల వస్తయంటే, డాక్టర్ సర్టిఫికెట్‌తోని వస్తయి. ఈఎస్ఐ డిస్పెన్సరీ డాక్టర్ మొదలు ఒకటి ఇస్తడు, ఫస్ట్ సర్టిఫికెట్. జబ్బు తగ్గేదాకా నడుమల నడుమల ఇంకోటి, ఇంకోటి. తగ్గినంక ఫైనల్ సర్టిఫికెట్, అంటే పనికి పోవచ్చు అని. ఈ గొలుసు తెగొద్దు. ఒక వారం సర్టిఫికెట్ లేకపోతే ఆ వారం పైసలు లేవు. మొదటి రెండు రోజులకు ఎట్లాగూ రావు, అది రూలు. బయటి ఆసుపత్రిలో చూపించుకుంటున్నా ఆ చీటీలు, రిపోర్టులు తీసుకొని ఈఎస్ఐ డాక్టర్ దగ్గరికి పోవాలె. బయటి చీటీ ఒక్కటి పట్టుకొని బ్రాంచి ఆఫీసుకు పోతే తిప్పి పంపుతరు. పైసలు బ్యాంకు ఖాతాలోనే పడ్తయి, కాబట్టి ఈఎస్ఐలో ఉన్న పేరు, ఆధార్‌లో పేరు, పాస్‌బుక్‌లో పేరు ఒక్కతీరు ఉండాలె. పెండ్లికి ముందు ఇంటిపేరు ఒకదాంట్ల, అత్తగారి ఇంటిపేరు ఇంకోదాంట్ల ఉండి నెలల తరబడి తిరిగినోళ్ళు ఈ సభలోనే ఉన్నరు. బాగున్నప్పుడే సరిచేయించుకోండ్రి.

డిస్పెన్సరీల సంగతి మాకు తెల్వక కాదు. తెల్లారి పోతే మధ్యాహ్నం అయితది. ఒక్కోసారి మందులుండవు. ఒక పూట కూలి పోతది, బస్సు చార్జీ పోతది. "ఆర్‌ఎంపీ దగ్గర సూది ఏయించుకుంటే అయిపోతది కద" అనిపిస్తది. రెండు రోజుల జ్వరానికి అట్లనే చెయ్యండ్రి, మేము వద్దనం. నెలల జబ్బుకు మాత్రం ఆ లైన్ల నిలబడాల్సిందే. ఆ లైన్ల దొరికే సర్టిఫికెట్ ఇంకో చోట దొరకదు.

పోయినేడు ఇంకో అక్క సంగతి చూసినం. నాలుగేండ్ల సంది బట్టల యూనిట్‌లో చేస్తున్నది. 2023 జూలై నడుమ టీబీ అని తేలింది. ఆరు నెలలు మందులు మింగాలె, నలుగురిలో కూర్చొని కుట్టే పని చెయ్యలేదు. "ఇగ నౌకరీ పోయినట్టే" అని ఏడ్చింది. గ్రూపు మీటింగుల కూర్చొని ఆమె స్లిప్పులు ముందేసుకున్నం. అక్టోబర్ నుంచి మార్చి దాకా పూర్తి పని. ఏప్రిల్, మే, జూన్ పూర్తి పని, 78 రోజులు సరిపోయినయి. కార్డు 2024 జూన్ 30 దాకా ఉన్నదని అక్కడే తేలింది. సెలవు కాగితం రాసినం. ఆమె మొగడు పోయి ముద్ర వేయించుకొచ్చిండు. ఆగస్టు 15 లోపల పోయి ఆఫీసులో కంప్యూటర్ పిల్లగాడిని కలిసి, "మా ఆమె సెలవులో ఉన్నది, 1 నంబర్ వెయ్యి బిడ్డా" అని చెప్పొచ్చిండు. ఆ పిల్లగాడు నవ్వి, "ఇది నీకెట్ల ఎరుక" అన్నడట.

టీబీ మామూలు జబ్బుల లెక్కలో లేదు. ఈఎస్ఐలో 34 పెద్ద జబ్బుల పట్టిక ఉన్నది. టీబీ, క్యాన్సర్, పక్షవాతం, కిడ్నీలు పనిచెయ్యకపోవుడు, గుండెపోటు, మతిస్థిమితం తప్పే పెద్ద జబ్బులు ఇట్లాంటివి. ఇందాక చెప్పిన చెల్లెకు అయినట్టు డిస్క్ జారుడు కూడా అందులోనే ఉన్నది. ఆ జబ్బులకు మొదటి 91 రోజులు 70 శాతం ఇచ్చినంక, 80 శాతం లెక్కన ఇంకా ఇస్తరు, రెండేండ్ల దాకా కూడా పొడిగించే వీలున్నది. 400 జీతానికి రోజుకు 320 అన్నట్టు. దానికి షరతు, జబ్బుకు ముందు రెండేండ్లు వరుసగ నౌకరీ ఉండాలె, ఆ నాలుగు ముక్కల్లో కలిపి 156 రోజులకు కట్టి ఉండాలె. ఆ పైసలు నడిచినన్ని రోజులు వైద్యం కూడా నడుస్తది. ఆ 2 నంబర్ సంగతి మేము ఎందుకు అంతసేపు చెప్పినమో ఇక్కడ సమజ్ అయితది.

ఆ అక్కకు మొదటి పైసలు పడేసరికి దసరా దాటింది. అప్పటిదాకా ఇంట్లో కష్టమే అయింది, అబద్ధం ఎందుకు. గ్రూపు అంతర్గత అప్పు 5,000 ఇచ్చినం. పైసలు పడంగనే కట్టింది. ఒక్క కిస్తీ తప్పలేదు. సంక్రాంతి పోయినంక ఫైనల్ సర్టిఫికెట్ తీసుకొని అదే మిషన్ మీద కూర్చున్నది. ఈ రోజు ఆమెకు షిఫ్టు ఉన్నది, అందుకే రాలేదు.

కాన్పు గురించి ఒక మాట. కాన్పుకు పోయేటప్పుడు నౌకరీ మానుకునే పిల్లలు ఎక్కువ. ఈఎస్ఐ ఉన్నోళ్ళకు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు పూర్తి జీతం లెక్కన వస్తది, అంతకు ముందు రెండు ముక్కల్లో కలిపి 70 రోజులకు కట్టి ఉంటే సాలు. గర్భం నిలవక పోయినా 6 వారాలున్నయి. కోడళ్ళకు చెప్పుండ్రి. అత్తలే చెప్పాలె, ఎందుకంటే మానెయ్యమని చెప్పేది ఎక్కువ మనమే.

కాంట్రాక్టర్ మారినప్పుడు ఇంకో చిక్కు వస్తది. కొత్తాయన కొత్త ఈఎస్ఐ నంబర్ తీస్తడు. పాత నంబర్ మీద ఉన్న ఏండ్లన్నీ అక్కడే ఉండిపోతయి. ఈఎస్ఐ నంబర్ పది అంకెలుంటది, జీవితాంతం ఒక్కటే. చేరిన రోజే "నాకు పాత నంబర్ ఉన్నది, దాన్నే ఎక్కించండ్రి" అని రాసియ్యాలె. స్లిప్పులో కోసి, అక్కడ కట్టకుండ మింగే కాంట్రాక్టర్లు కూడా ఉన్నరు. ఉమంగ్ యాప్‌లో ఏ నెల ఎన్ని రోజులకు కట్టిండ్రో కనపడ్తది, నెలకోసారి పిల్లలతోని చూపించుకోండ్రి. కట్టకపోతే ఈఎస్ఐ టోల్ ఫ్రీ 1800-11-2526కు ఫోన్ చెయ్యొచ్చు, బ్రాంచి ఆఫీసులో రాసియ్యొచ్చు. స్లిప్పులు పారెయ్యొద్దు, అదే మన సాక్ష్యం. స్లిప్పు ఇయ్యని చోట బ్యాంకు ఖాతాలో పడ్డ జీతం ఎంట్రీలు, గేటు పాస్, హాజరు కార్డు ఫోటో ఏది దొరికితే అది దాచుకోవాలె.

ఎంత లెక్క వేసినా ఒక రోజు ఈఎస్ఐ ఆగొచ్చు. జబ్బు ఏడాది దాటొచ్చు. అప్పుడు ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచిండ్రు. మంచిదే. కాని ఆరోగ్యశ్రీ ఎక్కువగ ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి. రోజూ మింగే గోలీలు ఇంటికి రావు, పనికి పోని రోజులకు పైసలు రావు. ఈఎస్ఐ ఉన్నన్ని రోజులు దాన్ని విడిచిపెట్టొద్దు అనేది అందుకే. ఆరోగ్యశ్రీకి ఆహార భద్రత కార్డు అక్కెర పడొచ్చు, కాబట్టి అందులో మన పేరు ఉన్నదో లేదో ఇప్పుడే చూసుకోండ్రి. పుట్టింటి కార్డులో పేరు తీసేసి, అత్తింటి కార్డులో ఎక్కించక, రెండిటికీ చెడ్డ కోడళ్ళు ప్రతి ఊర్లో ఉన్నరు.

మన పిల్లలు కొందరు పట్నంలో 21,000 పైన జీతానికి చేస్తున్నరు. వాళ్ళకు ఈఎస్ఐ ఉండదు, కంపెనీ తీసిన గ్రూపు పాలసీ ఉంటది. కుటుంబానికి కట్టే ప్రీమియం వాళ్ళ జీతంలో నుంచి కోస్తరు. పొడుగు సెలవు పెట్టే ముందే హెచ్ఆర్‌కు మెయిల్ రాసి అడగమనండ్రి: జీతం లేని నెలల్లో పాలసీ ఉంటదా, మా వంతు పైసలు ఎట్ల కట్టాలె అని. జవాబు కూడా మెయిల్‌లోనే రావాలె. నౌకరీ విడిచిపెడ్తే ఆ గ్రూపు పాలసీ నుంచి అదే కంపెనీ సొంత పాలసీకి మారే వీలు ఐఆర్‌డీఏఐ నిబంధనల్లో ఉన్నది, కాని అడిగినోళ్ళకే.

చివరగ బ్యాంకు బీమా. గ్రూపుల్లో అందరం ఏడాదికి 436 రూపాయలది, 20 రూపాయలది కట్టినం. అవి ఆరోగ్య బీమా కాదు. 436ది మనిషి చనిపోతే 2 లక్షలు, 20ది ప్రమాదానికి. ఆసుపత్రి బిల్లు తీసుకొని బ్యాంకుకు పోతే మేనేజర్ ఏమీ ఇయ్యడు, ఆయనతోని లొల్లి పెట్టుకోవద్దు. కాని జీతం లేని సెలవుకు దీంతోని సంబంధం ఉన్నది. అవి మే నెల ఆఖరులో ఖాతాలో నుంచి వాటంతటవే కోసుకుంటయి. జీతం పడని ఖాతాలో మే నెలలో ఏముంటది? ఏమీ ఉండదు. బీమా ఆగిపోతది, ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. సెలవులో ఉన్న సభ్యురాలి ఖాతాలో మే 20 కల్లా 500 రూపాయలు ఉండేటట్టు గ్రూపు చూడాలె. ఇది తీర్మానంలో రాయమని కార్యనిర్వాహక కమిటీని అడిగినం, ఒప్పుకున్నరు.

ఇంకో తీర్మానం కూడా అడిగినం. ప్రతి గ్రూపు మినిట్స్ పుస్తకంలో చివరి పేజీ ఒకటి దీనికి విడిచిపెట్టాలె. కంపెనీ పనికి పోయే సభ్యురాలు పేరు, ఈఎస్ఐ నంబర్, ఆరు నెలలకోసారి ఎన్ని రోజులు కట్టిండ్రు, కార్డు ఏ తారీఖు దాకా. అక్టోబర్ మొదటి మీటింగుల ఒకసారి, ఏప్రిల్ మొదటి మీటింగుల ఒకసారి నింపాలె. పావుగంట పని.

ఈ రోజు స్లిప్పులు తెమ్మని ముందే కబురు పెట్టినం. తెచ్చినోళ్ళు భోజనాలు అయినంక కుడిపక్క షామియానా కిందికి రాండ్రి, ముగ్గురు వీఓఏలు కూర్చుంటరు, ఎవరి కార్డు ఎప్పటిదాకా ఉన్నదో లెక్క తీసి రాసిస్తరు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ కూడా దగ్గర పెట్టుకోండ్రి. ఇంట్లో ఎవరన్నా ఇప్పుడు సెలవులో ఉంటే వాళ్ళ కాగితాలు ముందు చూస్తం, వాళ్ళు లైన్ల నిలబడే పని లేదు.